చవక వస్తువూ, చవక మనిషీ

ఒక వస్తువు చవకగా దొరికినప్పుడు మనిషికి కలిగే సంతోషం నిర్దోషమైనదేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుండగా రాలేదు. లక్షా పదివేల రూపాయలకు కొన్న ఒక పాత ఇటాలియన్ కారు వల్ల వచ్చింది. కారు మీద తాత్విక వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కవితల్లో వర్గదృష్టిని గురించీ, నవలల్లో పాత్రల సంస్కారాన్ని గురించీ మనం ఎన్ని పేజీలైనా రాస్తాం. రోజూ మన చేతుల్లో మెదిలే వస్తువులను గురించి, వాటిని కొనేటప్పుడూ బాగుచేయించేటప్పుడూ మనం ఆడే మాటలను గురించి రాయం. కాని మనిషి నీతి బయటపడేది సభావేదికల మీద కంటె బేరాల దగ్గరే ఎక్కువ. అందుచేత ఈ కారు వల్ల నాకు ఎదురైన ప్రశ్నను పాఠకుల ముందు పెట్టడం అనవసరం కాదనుకుంటాను.

కారు పేరు ఫియట్ పుంటో. వెనకవైపు తలుపు పైకి లేచే చిన్న కారు. డీజిలుతో నడుస్తుంది. 2011లో రిజిస్టరయింది. మొదటి యజమాని దాన్ని ఆరు లక్షలకు పైగా పెట్టి కొన్నాడట. 2022లో నా చేతికి వచ్చేసరికి దాని ధర లక్షా పదివేలకు దిగింది. అదే సంవత్సరంలో తయారై, దాదాపు అంతే దూరం తిరిగిన మారుతి స్విఫ్టుకు అదే బ్రోకరు రెండు లక్షల అరవై వేలు అడిగాడు. "ఇది తీసుకోండి మాస్టారూ, మళ్లీ అమ్మిపెట్టమని మాత్రం నా దగ్గరికి రావద్దు" అన్నాడు. అమ్ముకునే ఉద్దేశం నాకు లేదు. కొనడానికే డబ్బు చాలడం లేదు. కొన్నాను. నాలుగు రోజులపాటు కనపడ్డవాళ్లందరికీ దాని ధర చెప్పుకుని మురిసిపోయాను.

నాకు కారు ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెప్పాలి. నేను రెండు కాలేజీల్లో తెలుగు చెబుతున్నాను. రెండు చోట్లా ఉద్యోగం తాత్కాలికమే. ఉదయం మూడు క్లాసులు ఒక ఊళ్లో. మధ్యాహ్నం రెండు క్లాసులు ముప్ఫయి కిలోమీటర్ల అవతల మరొక ఊళ్లో. మధ్యలో వున్న వ్యవధి గంట. ఆ గంటలో రెండు బస్సులు మారడం అయ్యే పని కాదు. మొదట మోటారు సైకిలు మీద తిరిగాను. మూడు వానాకాలాలు తిరిగేసరికి నడుము మొరాయించింది. అప్పుడు కారు మాట తలపెట్టాను.

ప్రజా ఉద్యమాలతో సంబంధం వున్న మిత్రుడొకడు నా కారును చూసి, "బస్సుల కోసం పోరాడవలసినవాళ్లు సొంత కారు కొనుక్కోవడమేమిటి?" అన్నాడు. ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయకూడదు. అయిదుగురు కూర్చునే బండిలో ఒక్కడే కూర్చుని, యాభై మంది కూర్చునే బండికి అడ్డం పడటంలో అసమానత వుంది. మంచి బస్సు వున్న చోట సొంత కారుకు నైతికంగా బలం తక్కువ. ఇంతవరకు మిత్రుడి మాట నిజం.

కాని ఆ మాట ఒక విషయాన్ని విస్మరిస్తుంది. ఫ్యాక్టరీలో పనివాడు తన మరను తాను మోసుకు రాడు. అది యజమాని పెట్టిందే. ఈనాడు ఇంటింటికీ భోజనం పొట్లాలు చేర్చే కుర్రవాడు మోటారు సైకిలు తానే కొనుక్కుని, పెట్రోలు తానే పోసుకుని, ఫోను కూడా తనదే పట్టుకుని పనిలోకి వస్తున్నాడు. పనిముట్టు ఖర్చు యజమాని నెత్తి మీదినుంచి పనివాడి నెత్తి మీదికి జారింది. నా కారు కూడా ఆ జాతిదే. ఆస్తిలాగా కనిపించే పనిముట్టు. అది లేకపోతే రెండో కాలేజీ లేదు, రెండో కాలేజీ లేకపోతే ఇల్లు గడవదు. ఇంతమాత్రం చేత నేనూ ఆ కుర్రవాడూ ఒకటేనని అనను. కారులో కూర్చున్నవాడికి వాన తగలదు. ఆ తేడా చిన్నది కాదు.

అయితే ఆ కారు అంత చవక ఎందుకయింది? అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

పుంటోలో వున్నది 1248 సి.సి. డీజిలు ఇంజను. మల్టీజెట్ అనే పేరుతో ఫియట్ సంస్థ రూపొందించింది. ఇదే ఇంజనును లైసెన్సు మీద మారుతి సుజుకి కార్ల కోసం హర్యానాలోని మనేసర్‌లో తయారుచేశారు. 2007 నుంచి మన దేశపు స్విఫ్టు డీజిలు కారులో వున్నది అదే. డిజైరులో అదే, రిట్జ్‌లో అదే, టాటావారి ఇండికా విస్టా డీజిలులో కూడా అదే. అది ఎంతగా వ్యాపించిందంటే, మోటారు పత్రికలవాళ్లు దానికి 'జాతీయ ఇంజను' అని ముద్దుపేరు పెట్టారు. 2020 ఏప్రిల్ 1న కొత్త కాలుష్య నిబంధనలు వచ్చేదాకా అది లక్షల సంఖ్యలో రోడ్ల మీదికి వచ్చింది.

అంటే నేను కొన్న కారుకూ, కొనలేకపోయిన కారుకూ గుండె ఒకటే. ముక్కు మీది బిళ్ల వేరు. స్విఫ్టులో వున్నంతసేపూ ఆ ఇంజను నమ్మకానికి మారుపేరు. పుంటోలోకి రాగానే అదే ఇంజను "తలనొప్పి బండి"లో భాగమైపోతుంది. బిళ్ల మారితే లక్షన్నర మారింది.

దీనికి లోకం చెప్పే కారణం ఒకటుంది. "ఇటలీవాళ్ల పనితనమే అంత. చూడటానికి సొగసుగా వుంటుంది, మన్నదు" అంటారు. నేనూ ఈ మాట అని నవ్వినవాణ్ణే. కాని కాస్త ఆలోచిస్తే ఇందులో ఎంత పస వుందో తెలుస్తుంది. నా కారు ఆకారం ఇటలీదే. 2005లో అక్కడ వచ్చిన గ్రాండె పుంటోకు రూపమిచ్చినవాళ్లలో జార్జెట్టో జుజారో అనే ప్రసిద్ధ డిజైనరు వున్నాడు. కాని నా కారును బిగించినవాళ్లు టూరిన్ నగరపు కార్మికులు కారు. 2009లో ఈ కారు మన దేశంలో అమ్మకానికి వచ్చింది మొదలు దాన్ని పుణె దగ్గరి రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో మన కార్మికులే బిగించారు. వాళ్ల బిగింపులో ఇటలీ రక్తం ఎక్కడినుంచి వచ్చింది? వ్యాపార సంబంధాలలో పుట్టిన లక్షణాన్ని జాతి రక్తంలో పుట్టినట్టు చెప్పడం పాత అలవాటు. "పల్లెటూరి పిల్లలకు చదువు అబ్బదు" అనే అయ్యవార్ల నోట వచ్చేది కూడా ఇలాంటి మాటే. బడికి ఏం ఇచ్చారని అడగరు. పిల్లల పుట్టుక మీదికి తోసేస్తారు.

నిజమైన కారణం వేరే వుంది, దాన్ని కూడా ఒప్పుకోవాలి. ఫియట్ కార్లను బాగుచేసే చోట్లు మొదటినుంచీ మారుతివాటికంటె చాలా తక్కువ. 2020 నిబంధనల నాటికి ఈ కార్ల తయారీ మన దేశంలో ఆగిపోయింది. ఇంజను సామాను ఏదో విధంగా దొరుకుతుంది, పైసామాను దొరకదు. బజారు ఇరుకులో లారీకి తగిలించుకుని ఎడమవైపు అద్దం నేనే విరగ్గొట్టుకున్నాను. దాని జోడు దొరకడానికి ఇరవైమూడు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఎడమవైపు లోకం ఏమైందో తెలియకుండానే కాలేజీకి వెళ్లివచ్చాను. కాబట్టి ధర తగ్గించిన బజారు వట్టి మూర్ఖురాలేమీ కాదు.

కాని ఇక్కడ గమనించవలసిందేమిటంటే, లోటు వున్నది కారులో కాదు, కారు చుట్టూ వున్న ఏర్పాట్లలో. ధర అనేది ఇనుములో వుండే గుణం కాదు. అది మనుషుల మధ్య వుండే సంబంధం. వస్తువు మీద గుణంలాగా కనబడుతుంది. మార్క్స్ 1867లో అచ్చయిన తన మహాగ్రంథాన్ని సరుకుతో మొదలుపెట్టింది ఈ భ్రమను విప్పడానికే. మేము విద్యార్థులకు ఉపయోగపు విలువ, మారకపు విలువ అని రెండు మాటలు చెప్పినప్పుడు వాళ్లు నోట్సులో రాసుకుని మరిచిపోతారు. నాకు ఆ రెండు మాటలూ ఇంటి ముందు చింతచెట్టు కింద నిలబడి కనిపిస్తున్నాయి. మారకపు విలువ ఆరోవంతుకు పడిపోయింది. ఉపయోగపు విలువలో నాకు తెలిసిన లోటు పెద్దగా లేదు. ఉదయపు కాలేజీనుంచి మధ్యాహ్నపు కాలేజీకి వున్న ముప్ఫయి కిలోమీటర్లూ పుంటోకూ ముప్ఫయ్యే, స్విఫ్టుకూ ముప్ఫయ్యే.

ఇంతవరకూ నేను చేసిన నేరమేమైనా వుందా? లేదనే నా అభిప్రాయం. ఆ కారులో ఇమిడివున్న శ్రమ ఎప్పుడో జరిగిపోయింది. ఆ కార్మికులకు ముట్టిన కూలి న్యాయమైనదైనా కాకపోయినా, ఆ లెక్క అక్కడే ముగిసింది. నేను జాలిపడి బ్రోకరుకు మరో లక్ష ఇచ్చినా అందులో ఒక్క రూపాయి రంజన్‌గావ్ చేరదు. బజారు ఒక వస్తువును పారేసింది; నేను ఏరుకున్నాను. ఆ వస్తువును చివరిదాకా వాడుకోవడం తప్పు కాదు సరికదా, శ్రమ పట్ల మర్యాద కూడా.

అసలు చిక్కు తరవాత వచ్చింది.

2024 వానాకాలంలో క్లచ్ పోయింది. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి క్లచ్ అరిగిపోవడం వింత కాదు, అందులో ఎవరి తప్పూ లేదు. ఊరి చివర షెడ్డుకు తోలించాను. ఆ మేస్త్రికి యాభై దాటాయి. కుర్రతనంలో అంబాసిడర్ల కిందా, పాత ఫియట్ల కిందా దూరి పని నేర్చుకున్నవాడు. కారును పైకెత్తి చూసి, గేరు బాక్సు దించాలన్నాడు. ప్లేట్లూ బేరింగూ నన్నే తెచ్చుకోమన్నాడు. తన లేబరు ఆరు వేలన్నాడు.

"స్విఫ్టుకయితే ఎంత తీసుకుంటారు?" అని అడిగాను.

"అంతే తీసుకుంటాను."

"కారే లక్ష రూపాయలది మేస్త్రీ. ఈ డొక్కు బండికి ఆరు వేల లేబరా?"

ఆయన కారు కిందనే వున్నాడు. చేతిలో పని ఆపకుండానే అన్నాడు: "బండి డొక్కుదయితే నా పని కూడా డొక్కుదయిపోద్దా మాస్టారూ?"

కోపంగా అనలేదు. నేనూ పట్టించుకోలేదు. బేరం సాగింది. వానల్లో షెడ్డుకు బళ్లు తక్కువగా వస్తున్నాయని నాకు తెలుసు. ఆయన కాదనలేడనీ తెలుసు. మూడున్నర వేలకు ఒప్పించాను. మర్నాడు పొద్దుపోయాక బండి తెచ్చుకున్నాను. పెడలు వెన్నలాగా దిగుతోంది. రెండున్నర వేలు మిగుల్చుకున్నానన్న సంతోషంతో ఇంటికి వచ్చాను. ఈ వ్యాసం మొదట్లో నేనడిగిన ప్రశ్న ఆ సంతోషాన్ని గురించినది.

రెండు రోజుల తరవాత మా తాత్కాలిక లెక్చరర్లందరం ఒకచోట కూడాం. జీతాల విషయమై యాజమాన్యానికి వినతిపత్రం ఇవ్వాలి. తెలుగు ఎమ్మే చదివిన పాపానికి ఇలాంటివి రాసే పని నా మీద పడుతుంది. మా పరిస్థితి ఈ పాఠకులలో చాలామందికి కొత్త కాదు. పర్మనెంటు లెక్చరరు చెప్పే పాఠమే మేమూ చెబుతాం. సిలబస్ ఒకటే, గంట ఒకటే, దిద్దే పేపర్ల కట్టలు ఒకటే. జీతం మాత్రం మూడోవంతుకు లోపు. అంతకుముందు జీతం పెంచమని అడిగినప్పుడు నాకు వచ్చిన సమాధానం ఇది: "తెలుగుకు చేరేవాళ్లే లేరు. మీ డిపార్టుమెంటు వల్ల కాలేజీకి వచ్చేదేముంది? దానికి ఇంకెంత ఇమ్మంటారు?"

ఆ వాదానికి వినతిపత్రంలో జవాబు రాయబోయాను. రాజ్యాంగం 39వ అధికరణంలో స్త్రీ పురుషుల సమాన పనికి సమాన వేతనమనే మాట వుందని రాశాను. పంజాబు తాత్కాలిక ఉద్యోగుల కేసులో 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు ఆ సూత్రం తాత్కాలిక ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పిన సంగతి రాశాను. ఆ తరవాత ఇలా రాశాను: "సబ్జెక్టుకు గిరాకీ తగ్గినంతమాత్రాన పాఠం చెప్పే శ్రమ తగ్గదు." అక్కడ కలం ఆగిపోయింది. ఈ వాక్యం నేను ఎక్కడో విన్నాను. అది నాది కాదు. రెండు రోజుల కిందట, ఇంతకంటె మంచి తెలుగులో, ఒక మనిషి కారు కిందనుంచి నాతో అన్నాడు.

మా యాజమాన్యం నాతో ఏ తర్కం మాట్లాడిందో, నేను మేస్త్రితో అదే తర్కం మాట్లాడాను. తెలుగుకు బజారులో వెల లేదు గనక తెలుగు చెప్పేవాడికి వెల లేదు. పుంటోకు బజారులో వెల లేదు గనక పుంటో బాగుచేసేవాడికి వెల లేదు. మొదటి వాక్యం విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. రెండో వాక్యం నేనన్నప్పుడు తెలివిగా మాట్లాడాననుకున్నాను.

ఇక్కడ రెండు రకాల చవకను వేరుచేసి చూడాలి. ఒకటి జరిగిపోయిన శ్రమ మీద పడే చవక. వస్తువు తయారై, చేతులు మారి, బజారులో పడి వుంది. దాని ధర దిగింది. దాన్ని తక్కువకు కొన్నవాడు ఎవరి నోటి ముందు కూడూ లాక్కోలేదు. రెండోది, ఇప్పుడు, మన కళ్లెదుట, ఒక మనిషి చేస్తున్న పని మీద పడే చవక. మొదటిది నేను పుట్టించింది కాదు, నాకు దొరికింది. రెండోది నేను నోరు తెరిచి పుట్టించింది. మొదటిదాన్ని రెండోదానికి కారణంగా చూపించడమే నేను చేసిన తప్పు. చచ్చిన శ్రమకు బజారు కట్టిన వెలను తీసుకువచ్చి, బతికున్న శ్రమకు కొలబద్దగా పెట్టాను.

దీనికి కొన్ని సమాధానాలు చెప్పుకోవచ్చు. నేనూ చెప్పుకున్నాను.

ఆయన ఇష్టపడే ఒప్పుకున్నాడు కదా? ఒప్పుకున్నాడు. నేనూ ప్రతి జూన్‌లోనూ మా కాలేజీ కాగితం మీద ఇష్టపడే సంతకం పెడుతున్నాను. పని లేని నెలలో మనిషి పలికే 'సరే'లో ఇష్టమెంతో, గతిలేనితనమెంతో మా సంతకాల గురించి మాట్లాడేటప్పుడు మేము చక్కగా వివరించగలం.

న్యాయమైన కూలి ఎంతో ఎవరు చెప్పగలరు? నిజమే, ఆర్థికశాస్త్రంలో అది కష్టమైన ప్రశ్న. కాని నా బేరానికి అంత శాస్త్రం అక్కరలేదు. స్విఫ్టుకు ఆయన తీసుకునేది ఆరు వేలని చెప్పాడు. పని అదే, పట్టే కాలం అదే. పైగా నా బండికి సామాను సరిచూసుకోవడంలో శ్రమ కాస్త ఎక్కువే. అంతకంటె తగ్గించడానికి నేను చూపిన కారణం ఒక్కటే, నా కారు ధర. ఆ కారణానికీ ఆ పనికీ సంబంధం లేదు. న్యాయమైన కూలి ఎంతో తెలియకపోయినా, ఇది అన్యాయమైన కోత అని తెలుసుకోవడానికి అడ్డేమీ లేదు.

నేను కూడా బీదవాణ్ణే కదా? ఇది అన్నిటికంటె బలంగా కనిపించే సమాధానం, అన్నిటికంటె ప్రమాదకరమైనది కూడా. పైవాడు నన్ను చవకగా కొంటున్నాడు గనక నేను కిందివాణ్ణి చవకగా కొనక తప్పదనే మాటమీదనే ఈ వ్యవస్థ సాఫీగా నడుస్తోంది. మధ్యతరగతివాడు దీన్ని పొదుపు అంటాడు. తన ఖర్చును తాను తగ్గించుకోవడం పొదుపు. ఎదుటివాడి కూలిని తగ్గించడాన్ని కూడా అదే పేరుతో పిలవడం మాత్రం భాషకు చేసే ద్రోహం. భాష చెప్పి బతికేవాణ్ణి గనక ఈ ద్రోహం నాకు మరీ తగదు.

ఈ రెండు చవకల ముడి మా ఊరి షెడ్డులో పుట్టింది కాదు. నా కారు మీది పేరు పుట్టిన టూరిన్ నగరంలోనే దాని చరిత్ర వుంది. 1920 సెప్టెంబరులో ఆ నగరపు కార్మికులు ఫియట్‌తో సహా ఫ్యాక్టరీలను ఆక్రమించుకుని, యజమానులు లేకుండానే కొన్ని వారాలపాటు పని నడిపారు. అంతకుముందు సంవత్సరం, 1919 మే 1న, గ్రాంషీ తన మిత్రులతో కలిసి 'నూతన వ్యవస్థ' అనే అర్థం వచ్చే పేరుతో అక్కడ ఒక వారపత్రిక ప్రారంభించాడు. కార్మికుడు తనను తాను కేవలం కూలి అడిగేవాడుగా కాక, వస్తువులను పుట్టించేవాడుగా చూసుకోవాలన్నది ఆ పత్రిక నొక్కిచెప్పిన విషయం. ఆ ఉద్యమం ఓడిపోయింది. కాని యజమాని లేకపోయినా కారు తయారవుతుందనీ, కార్మికుడు లేకపోతే తయారుకాదనీ లోకం చూసింది. "నా పని కూడా డొక్కుదయిపోద్దా" అన్న మనిషికి గ్రాంషీ పేరు తెలిసి వుండదు. ఆయన మాట్లాడింది మాత్రం పుట్టించేవాడి భాష.

అదే నగరంలో మరో అరవై ఏళ్లకు, 1980లో, రెండు సంగతులు జరిగాయి. ఆ సంవత్సరం తొలి భాగంలో జుజారో రూపకల్పన చేసిన పాండా అనే చిన్న కారు బయటికి వచ్చింది. సాదా కుర్చీలూ, బల్లపరుపు అద్దాలూ పెట్టి, సామాన్యుడికి అందుబాటులో వుండేలా తయారుచేసిన మంచి వస్తువు అది. ఆ శరత్కాలంలోనే, వేలమందిని పనిలోనుంచి తప్పించబోయిన ఫియట్ యాజమాన్యానికి వ్యతిరేకంగా కార్మికులు 35 రోజులు సమ్మె చేసి ఓడిపోయారు. ఒకటి మరొకదానికి కారణమని నేను అనను. కాని చవక వస్తువును గురించి ఆలోచించేవాడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. వస్తువు చవకగా వుండటం జనానికి మేలు. మనిషి చవకగా వుండటం వల్ల ఆ మేలు జరిగితే, అది ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడం.

పాత వస్తువులను గురించి ఇంకొక భ్రమ వుంది. దాన్ని కూడా ప్రస్తావించాలి. పాత ఫియట్ 1100 సంతతికి చెందిన ప్రీమియర్ పద్మిని టాక్సీలు ఇరవై ఏళ్ల వయోపరిమితి కారణంగా 2023 అక్టోబరు 30తో బొంబాయి రోడ్ల మీదినుంచి పూర్తిగా తప్పుకున్నాయి. ఆ రోజుల్లో పత్రికలు కన్నీళ్లు కార్చాయి. ఆ నలుపూ పసుపూ రంగులను గురించి, ఆ గుండ్రటి దీపాలను గురించి ఎంత కవిత్వం వచ్చిందో! మన ప్రాంతంలోనూ 'డాక్టరుగారి ఫియట్' అనగానే పెద్దవాళ్లు కరిగిపోతారు. పాత వస్తువును ప్రేమించడం తప్పు కాదు. నేనూ నా కారును ప్రేమిస్తూనే వున్నాను. కాని వస్తువు పోయిందని ఏడ్చే మనిషి, దాన్ని ఇరవై ఏళ్లు తోలినవాడి సంగతి ఏమిటని అడగకపోతే, ఆ ప్రేమ కూడా ఒక రకమైన పిసినారితనమే. ఇనుముకు వ్యక్తిత్వం ఇచ్చి, మనిషి దగ్గర దాన్ని మిగుల్చుకున్నట్టు.

మిగిలిన రెండున్నర వేలూ తీసుకుని నేను షెడ్డుకు వెళ్లాను. ఇది ఔదార్యంగా చెప్పడం లేదు. అప్పు తీర్చినవాడికి ఎవరూ దండలు వేయరు. మేస్త్రి మొదట అర్థం కానట్టు చూశాడు. తరవాత డబ్బు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. అదే నాకు సరిగా తోచింది. ఆ వెంటనే ఒక సంగతి గమనించాను. క్లచ్ పనిలో సగం చేసింది పందొమ్మిదేళ్ల కుర్రాడు. వాడికి రోజుకు మూడు వందలు. "వాడికేమైనా ఇస్తారా మేస్త్రీ?" అన్నాను. "నేర్చుకుంటున్నాడు కదండీ, ఇంకేం ఇస్తాం" అన్నాడాయన. మా కాలేజీలో చేరిన మొదటి సంవత్సరం నాతో ఇదే మాట అన్నారు.

దీన్ని బట్టి కొందరు మిత్రులు ఒక నిర్ధారణకు వస్తారు: చూశారా, పైనుంచి కిందిదాకా ఇదే గొలుసు, వ్యవస్థ మారితే తప్ప ఒక వ్యక్తి మంచితనం వల్ల ఒరిగేదేమీ లేదు. మరికొందరు దీనికి ఎదురు చివర నిలబడి, ఎవరికి వారు మంచిగా వుంటే చాలు, వ్యవస్థ దానంతటదే బాగుపడుతుందంటారు. రెండోది అమాయకత్వమని మన పత్రికల్లో చాలాసార్లు రాశారు. మొదటిదాన్ని గురించి అంతగా రాయలేదు. మొదటిదానిలో సత్యం వుంది: నా రెండున్నర వేలతో ఆ కుర్రాడి కూలి పెరగలేదు, నా జీతమూ పెరగలేదు. కాని ఆ సత్యాన్ని బేరమాడేటప్పుడు అడ్డం పెట్టుకుంటే అది సత్యంగా మిగలదు, సాకు అవుతుంది. వ్యవస్థ మారాలని కోరేవాడు ఆ వ్యవస్థ తర్కాన్ని తన నోటితో మాట్లాడకుండా వుండటం కనీస షరతు. అది చాలదు. చాలదు గనక అక్కరలేదనడం మాత్రం తప్పు.

పైగా ఇది వట్టి వ్యక్తిగత శుభ్రతకు సంబంధించిన విషయం కాదు. సమాన పనికి సమాన వేతనం అని మేము రాసిన కాగితానికి బలం ఎక్కడినుంచి వస్తుంది? కోర్టు తీర్పులనుంచి కొంత వస్తుంది. మిగిలింది, మాలాంటివాళ్లు ఇంకా చాలామంది వున్నారనీ, అందరి ప్రశ్నా ఒకటేననీ గుర్తించడం వల్ల వస్తుంది. షెడ్డులో మేస్త్రీ, ఆ కుర్రాడూ, పొట్లాలు మోసే మోటారు సైకిలు కుర్రవాడూ మాలాంటివాళ్లే. నా కారు ధర అడ్డం పెట్టుకుని మేస్త్రి కూలి కోసినప్పుడు నేను ఒక మనిషికి రెండున్నర వేలు నష్టం చేయడంతో ఆగలేదు. నా వినతిపత్రం కింద వుండవలసిన ఒక సంతకాన్ని కూడా చెరిపేశాను.

వినతిపత్రం ఇచ్చాం. సమాధానం రాలేదు. కారు నడుస్తోంది. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలంటే 2022 ఏప్రిల్‌నుంచి అయిదు వేలు కట్టాలి. బ్రోకరు, "ఎందుకు మాస్టారూ, తుక్కు కింద ఇచ్చెయ్యండి" అంటున్నాడు. నేను ఇవ్వదలుచుకోలేదు. అది పని చేస్తున్నంతకాలం దానికి బజారు కట్టే వెలతో నాకు నిమిత్తం లేదు.

కారున్న లెక్చరర్లు ఈ పాఠకులలో ఎక్కువమంది వుండకపోవచ్చు. కాని చిరిగిన చెప్పు కుట్టించుకోనివాళ్లూ, పాత పుస్తకానికి అట్ట వేయించుకోనివాళ్లూ, రిక్షా వాడితో, ఆటోవాడితో బేరమాడనివాళ్లూ వుండరు. "చెప్పే వంద రూపాయలది, కుట్టడానికి ముప్ఫయ్యా?" అనే మాట మనందరం అన్నదే. ఈసారి ఆ మాట నోటి చివరికి వచ్చినప్పుడు, అదే వాక్యంలో చెప్పు తీసేసి మన సబ్జెక్టు పేరు పెట్టి, కుట్టేవాడి బదులు మనల్ని కూర్చోబెట్టుకుని ఒకసారి పైకి చదువుకుని చూడాలి. వినడానికి ఎలా వుంటుందో నాకు తెలుసు.